హార్స్‌లీ కొండ ప్లగ్గు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

గదుల ప్లగ్గులందు కార్లకు ఛార్జింగు
చేయరాదు, చేసి చెప్పకున్న
మూడు వందలిచ్చి ముందుకు కదలాలి;
ఇట్లు బసకు పెద్ద యిచ్చు నాజ్ఞ.

అవతారిక

ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు, ఫలానా బస గోడ మీద రాసి ఉన్నదీ కాదు. మూలం లేనిదే టీకాకు చోటు లేదు కనుక టీకాకారుడే దీన్ని కట్టుకున్నాడు. అయినా ఇందులోని తగువు మాత్రం కల్పితం కాదు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో వేసవి విడిది కట్టుకున్న కొండ మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లు, బెంగళూరుకు సుమారు 150. ముప్పై యూనిట్ల బ్యాటరీ ఉన్న విద్యుత్ కారు మన రోడ్ల మీద ఒక నింపుకు 200 కిలోమీటర్లు అటూఇటుగా నడుస్తుంది. శనివారం పొద్దున బెంగళూరులో నిండుగా బయల్దేరిన అలాంటి కారు ఘాట్ ఎక్కి పైన నిలబడేసరికి ముప్పావు వంతు ఖర్చయిపోయి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఇల్లు చేరాలంటే మధ్యలో ఎక్కడో నింపుకోక తప్పదు. బండి ఊరికే నిలబడి ఉండేది రాత్రి. అది నిలబడే చోటు బస ముందర. చేతికి దగ్గరగా ఉండేది గదిలోని ప్లగ్గు. పద్యం పుట్టుకకు ఇంతకంటే వేరే నిమిత్తం అక్కర్లేదు.

ఇది ఒక్క కొండ సంగతే అనుకోరాదు. అనంతపురం వైపు నుంచి కదిరి మీదుగా వచ్చే జాతీయ రహదారి 42 మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి కృష్ణగిరి చేరుతుంది. ఆ కృష్ణగిరి జిల్లాలోనే హోసూరులో ఏథర్ స్కూటర్లు, పోచంపల్లిలో ఓలా స్కూటర్లు తయారవుతాయి. నడుమ పుంగనూరులో విద్యుత్ బస్సుల కర్మాగారం పెడతామని పెప్పర్ మోషన్ అనే జర్మన్ సంస్థ 2023లో ప్రకటించింది. బండ్లు పుట్టే ఊళ్లు ఒక కొసన, అవి సెలవుకు పోయే కొండ ఇంకో కొసన ఉన్న ఈ దారిలో లాడ్జీ, అతిథి గృహం, తోటలో వేసిన గుడారం, ఏది నడిపేవాడికైనా ఈ ఆజ్ఞ నేడో రేపో అవసరపడుతుంది. కాబట్టి దీన్ని పదం పదం విప్పి, నిలుస్తుందో లేదో చూడటం యుక్తం.

ప్రతిపదార్థం

గదుల = దినబాడుగకు ఇచ్చిన గదులయొక్క; ప్లగ్గులందు = గోడకు బిగించిన మూడు రంధ్రాల పెద్ద పాయింట్లయందు, అనగా గీజరుకో ఏసీకో పెట్టినవాటియందు (ఫోను పెట్టుకునే చిన్న ప్లగ్గు ఇక్కడ వివక్షితం కాదు); కార్లకు = విద్యుత్ కార్లకు, ఉపలక్షణం చేత స్కూటర్లకు కూడా; ఛార్జింగు = బ్యాటరీ నింపుట; చేయరాదు = కూడదు; చేసి = ఆ కూడని పని చేసి; చెప్పకున్న = కౌంటరులో చెప్పకపోయినచో; మూడు వందలు = అన్ని రూపాయలు, బండి చిన్నపెద్దలతో నిమిత్తం లేకుండా; ఇచ్చి = చెల్లించి; ముందుకు కదలాలి = గది ఖాళీ చేయాలి; ఇట్లు = ఈ విధంగా; బసకు పెద్ద = మేనేజరు; ఇచ్చు నాజ్ఞ = పెట్టిన కట్టడి. ‘గదుల’ పక్కన ‘ప్ల’ అనే జంటక్షరం ఉంది గనుక ‘ల’ గురువై గణం చెడుతుందని లక్షణజ్ఞులు అడగవచ్చు. ప్లగ్గు వేరే పదం, పైగా అన్యదేశ్యం. ముందున్న అక్షరాన్ని బరువెక్కించే అధికారం దానికి లేదు. అది బరువెక్కించేది గోడలోని తీగను. ఆ సంగతి వ్యాఖ్యలో వస్తుంది.

తాత్పర్యం

అతిథులు గదిలోని కరెంటుతో బండి నింపుకోకూడదు. దొంగతనంగా నింపుకుంటే మూడు వందలు జరిమానా.

వ్యాఖ్య

మొదటి ఒకటిన్నర పాదం నిషేధం, తర్వాతి ఒకటిన్నర పాదం ప్రాయశ్చిత్తం. నిషేధం ‘చేయరాదు’ అన్న చోట ముగిసింది. ప్రాయశ్చిత్తం మాత్రం చేసినవాడికి చెప్పలేదు, చేసి చెప్పనివాడికి చెప్పింది. మరి చేసి, చెప్పినవాడి గతి ఏమిటి? మూలం మౌనం. నిషేధమే గట్టిదైతే చెప్పినా తప్పు తప్పే కావాలి. చెప్తే తప్పు పోతుందంటే అది నిషేధం కాదు, అనుమతి తీసుకోమనడం. పైగా ముందే రేటు కట్టి గోడకు తగిలించిన జరిమానాను జనం జరిమానాగా చూడరు, ధరగా చూస్తారు. ‘మూడు వందలే కదా, వేస్కోండి’ అనేవాడికి ఈ బోర్డు మెనూ కార్డే. కనుక ఈ టీకాకారుడు సాధించబోయే అర్థం ఇది: పద్యం నిషేధం వేషంలో ఉన్న టారిఫ్, అదీ తప్పుడు టారిఫ్. బసలో బండి నింపుకోవడాన్ని వద్దనీ అనరాదు, ఊరికే ఇవ్వనూ రాదు, గుండుగుత్తగా రేటు కట్టనూ రాదు. వేరే తీగ లాగి, వేరే మీటరు పెట్టి, ఎక్కిన యూనిట్లకు వెల తీసుకోవడమే ధర్మం.

మొదట రూపాయల లెక్క. యూనిట్ పది రూపాయలనుకుందాం. విద్యుత్ స్కూటరు బ్యాటరీ మూడు నాలుగు యూనిట్లది; పూర్తిగా నింపినా నలభై రూపాయలు దాటదు. చిన్న కారుకు ఇరవై యూనిట్లు, రెండు వందలు. పెద్ద బ్యాటరీ కారు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా 3.3 కిలోవాట్ల చేతి ఛార్జరుతో లాగితే నలభై యూనిట్లు, నాలుగు వందలు. ఈ ముగ్గురికీ మూల పద్యం విధించింది మూడు వందలే. స్కూటరువాడు రెండు వందల అరవై నష్టపోతాడు, పెద్ద కారువాడు వంద లాభపడతాడు, ఆ వంద బసవాడి జేబులోంచి పోతుంది. ముప్పై యూనిట్ల దగ్గర మాత్రమే ఈ రేటు న్యాయం. అంతకు లోపల ఉన్నవాడు అన్యాయం జరిగిందని, ఇచ్చిన డబ్బుకు సరిపడా లాక్కుందామని చూస్తాడు. గుండుగుత్త రేటుకు సహజంగా ఉండే దోషమే ఇది: అక్కర లేనివాడికి కూడా పూర్తిగా నింపుకోవాలన్న బుద్ధి పుట్టిస్తుంది.

రూపాయల కంటే గట్టి హేతువు తీగలో ఉంది. గీజరు రెండు కిలోవాట్లు లాగినా పావుగంటో ఇరవై నిమిషాలో లాగి ఆగుతుంది. ఏసీ కంప్రెసరు ఆగుతూ సాగుతూ నడుస్తుంది. హార్స్‌లీ కొండ మీద దాని అవసరమే తక్కువ. బండి ఛార్జరు అలా కాదు. 230 వోల్టుల దగ్గర 3.3 కిలోవాట్లంటే 14 యాంపుల పైన. అది ఒక్క క్షణం తగ్గకుండా పది గంటలు పారుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందన్నది బడి పాఠమే. పాత పాయింటులో ఇత్తడి నాలుక కాస్త వదులై, అక్కడ ఓములో పదో వంతు అడ్డు ఏర్పడిందనుకోండి. పద్నాలుగు యాంపులు దాని గుండా పోతుంటే దాదాపు 20 వాట్ల వేడి ఆ గోరంత చోటులోనే పుడుతుంది. రేడియో మెకానిక్ దగ్గరుండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని గోడలో దూర్చి, దుప్పటి కప్పుకుని రాత్రంతా నిద్రపోవడమే గదిలో కారు నింపుకోవడం. పొద్దున చూస్తే ప్లగ్గు రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, లాగితే పిన్ను వేలికి చురుక్కుమంటుంది. ఎంసీబీ ట్రిప్ కాలేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకుంటారు. ఎంసీబీ చూసేది తీగలో పారే యాంపులను. వదులైన నాలుక కాలుతోందని దానికి తెలియదు.

అమెరికా విద్యుత్ నియమావళి ఈ సూక్ష్మాన్ని గుర్తించింది. మూడు గంటలు, అంతకు మించి ఆగకుండా నడిచే లోడును నిరంతర లోడుగా లెక్కగట్టి, బ్రేకరు సామర్థ్యంలో 80 శాతమే వాడమంటుంది. అక్కడి క్యాంపు మైదానాల్లో మోటారు ఇళ్ల కోసం 240 వోల్టుల, 50 యాంపుల పాయింట్లు నాటి ఉంటాయి. అక్కడ విద్యుత్ కారు కొని సెలవులకు గుడారం వేసుకునే తెలుగు కుటుంబాలకు అవి కొత్త కావు. ఆ పాయింటులో కారు పెట్టినప్పుడు 40 యాంపులకు మించి లాగకూడదు, అంటే 9.6 కిలోవాట్లు. అంత బలమైన పాయింటు ఉన్న చోటే కొన్ని మైదానాలు కార్లను వద్దంటాయి, కొన్ని మోటారు ఇంటి స్థలానికి బాడుగ కట్టి పెట్టుకోమంటాయి. మన దగ్గర 16 యాంపుల పాయింటే పెద్దది. దాని వెనక రెండున్నర ఎంఎం వైరు ఉందో, ఎప్పుడో ట్యూబులైటుకు లాగిన సన్న వైరే ఉందో గోడ పగలగొడితే గానీ తెలియదు. కాబట్టి మూలంలో ‘గదుల ప్లగ్గులందు’ అన్నంత మేరకు నిషేధం సరైనదే. బండి నింపడాన్ని ఎక్కడా వద్దన్నట్టు దాన్ని సాగదీయడమే తప్పు.

పూర్వపక్ష సమాధానాలు

ఆతిథ్యవాది ఇలా అంటాడు: ‘గీజరుకు విడిగా బిల్లు వేయడం లేదు, ఫ్యానుకు వేయడం లేదు. వెనకటి సత్రాల్లో మనిషికి అన్నం పెట్టినవాళ్లు బండి ఎద్దుకు గడ్డి లేదన్నారా? బాడుగ కట్టినవాడికి కరెంటు అందులో భాగమే.’ ఈ దృష్టాంతం పొసగదు. ఎద్దు ఆకలికి దాని పొట్టే హద్దు. అన్ని ఎద్దుల పొట్టలూ ఇంచుమించు ఒకటే. స్కూటరు పొట్టకూ పెద్ద కారు పొట్టకూ నడుమ పది రెట్లకు పైగా తేడా ఉంది. గీజరు ఖర్చు అతిథికీ అతిథికీ కొద్దిపాటి తేడాతో సరిపోతుంది కనుక బాడుగలో కలిపేయవచ్చు. ఒక రాత్రిలో నలభై యూనిట్లు లాగేదాన్ని బాడుగలో కలిపితే బస్సెక్కి వచ్చిన కుటుంబం కారులో వచ్చినవాడి ప్రయాణానికి చందా కట్టినట్టవుతుంది. ఆతిథ్యమంటే ఒకరి ఖర్చు ఇంకొకరి మీద వేయడం కాదు.

బసవాది అంటాడు: ‘మీటరు పెట్టి యూనిట్లు అమ్మడానికి నేను కరెంటు కంపెనీనా? లైసెన్సు లేకుండా విద్యుత్తు అమ్మడం నేరం.’ ఈ సందేహం గట్టిదే. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖే దీనికి సమాధానం చెప్పవలసి వచ్చింది. బండి నింపడం విద్యుత్తు అమ్మకం కాదు, సేవ మాత్రమే. 2003 విద్యుత్ చట్టం కింద దానికి లైసెన్సు అక్కర్లేదని 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. స్తంభం మీది కరెంటు ఛార్జరులో దూరగానే వస్తువు పోయి సేవ అయిందన్న ఈ సిద్ధాంతం ఏ వేదాంతానికీ తీసిపోదు. బసవాడికి మాత్రం ఇది అభయం. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్‌లో ఛార్జింగ్ స్టేషన్లకు విడి వర్గమే ఉంది. రెండు మూడు పాయింట్ల చిన్న బస దాని జోలికి పోకపోయినా, సబ్ మీటరు చూసి అసలు ఖర్చుకు కొంచెం కలిపి తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

మూడోవాడు రహదారివాది: ‘ఊళ్లలో ఫాస్ట్ ఛార్జర్లు వస్తున్నాయి. మదనపల్లెలోనో పుంగనూరులోనో టీ తాగే లోపు నింపుకుని కొండెక్కితే బసవాడికి ఈ తలనొప్పి ఎందుకు?’ నిజమే, రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషను ఉండాలని కేంద్రం 2018 డిసెంబరు మార్గదర్శకాల్లోనే చెప్పింది. మార్గదర్శకం ఒకటి, మార్గం ఒకటి అన్న మాట పక్కన పెట్టినా, ఫాస్ట్ ఛార్జరు పోయేవాడి కోసం, ప్లగ్గు ఉండేవాడి కోసం. అరగంటలో నింపడానికి పదుల కిలోవాట్ల లోడు, దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. పది గంటలు ఊరికే నిలబడి ఉండే బండికి ఆ హడావుడి దండగ. స్కూటరు మీద కుప్పం నుంచి వచ్చినవాడికైతే కారు ఛార్జరు చాలా చోట్ల పనికే రాదు. వాడికి మామూలు ప్లగ్గే శరణ్యం.

నాలుగోవాడు లోడువాది. ‘పది గదులవాళ్లూ ఒకేసారి పెడితే 33 కిలోవాట్లు. కొండ మీది లైను అంత మోస్తుందా? ఫేజు పోతే అందరికీ చీకటి’ అంటాడు. ఇతడి మాట తోసిపుచ్చదగింది కాదు. అయితే ఇది మీటరు వద్దనడానికి కాదు, మీటరు కావాలనడానికే పనికొచ్చే వాదం. గదుల ప్లగ్గుల్లో ఎవరు ఎప్పుడు పెట్టారో మేనేజరుకు తెలియదు కాబట్టే లైను కూలుతుంది. పార్కింగు గోడకు రెండే పాయింట్లు, ఒక్కోదానికీ సొంత ఎంసీబీ, షాకు కొట్టకుండా ఆర్‌సీసీబీ, మీటరు బోర్డు నుంచి నేరుగా ఫోర్ ఎంఎం వైరు ఉంటే లోడు ఎప్పుడూ ఏడు కిలోవాట్లు దాటదు. రాత్రి పది దాటాక మొదటి జత, తెల్లవారి గీజర్ల వేళ ఆపు, పగలు రెండో జత. పగటి జతకు కుప్పం ఒక దారి చూపిస్తోంది. ఆ నియోజకవర్గంలోని నడుమూరులో ఇళ్ల పైకప్పుల మీద సౌర ఫలకాల పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 జనవరిలో ప్రారంభించారు. మూడు కిలోవాట్ల ఫలకాలు ఎండ ఉన్న రోజు ఇంచుమించు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. అతిథులు వ్యూ పాయింటుకు నడిచిపోయిన పగటిపూట ఆ పన్నెండూ మూడు స్కూటర్లకు, లేదా ఒక చిన్న కారుకు సగానికి పైగా సరిపోతాయి.

చివరివాడు గుడారవాది. ‘మా దగ్గర గదీ లేదు, గోడా లేదు, ఈ పద్యం మాకు వర్తించదు’ అంటాడు. వర్తించడమే కాదు, వాడికే ఎక్కువ వర్తిస్తుంది. గోడ లేని చోట ఎక్స్‌టెన్షన్ బాక్సు వస్తుంది. వంటపాక దగ్గర ఒక కొస, గడ్డిలో ఇంకో కొస, మిగిలిన వైరు చుట్ట చుట్టి మధ్యలో, పైన మంచు. చుట్టలోని వైరుకు వేడి బయటికి పోయే దారి లేక లోపలి పొరలు మెత్తబడతాయి. ఇంకో చిక్కు ఎర్తింగు. కారుతో ఇచ్చే ఛార్జరు ముందు ఎర్తు చూసుకుంటుంది. అది సరిగా లేకపోతే ఎర్ర దీపం వెలిగించి మొండికేస్తుంది. ఈ ప్రాంతమంతా రాతి నేల. గుంట తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉంటే తప్ప ఎర్తు నిలవదు. అంత పనీ ప్రతి గుడారం దగ్గరా కాదు, ఒక్క చోటే చేయగలం. ఆ ఒక్క చోటు ఏదో నిర్ణయించి మీటరు పెట్టమన్నదే మన సిద్ధాంతం.

పాఠాంతరం

ఇన్ని హేతువుల చేత మూల పాఠం లేఖక దోషంగా ఎంచి, ఈ కింది పాఠాన్ని సాధుపాఠంగా గ్రహించాలి.

గదుల ప్లగ్గు వలదు కారుకు, వేరుగా
మీటరున్న చోట మేలుగాను
ఎక్కినంతవరకె యెంచి వెలను కట్టి
రేయి నింపుకొనుడు రేపు సాగ.

అపవాదం

‘నింపుకొనుడు’ అన్న విధికి కొండ మీద ఒక మినహాయింపు ఉంది. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటే, హార్స్‌లీ కొండ 1,200 మీటర్లు దాటింది. మనుషులతో కలిపి 1,700 కిలోల కారు ఆ 500 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కడానికి, రాపిడి సంగతి పక్కన పెడితే, రెండు యూనిట్ల పైన ఖర్చవుతుంది. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి వేగాన్ని పట్టి ఉంచుతుంది, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. చక్రాల రాపిడి, గాలి, యంత్రంలోని నష్టాలు పోను ఒక యూనిట్ దాకా తిరిగి రావచ్చు. పది రూపాయల లాభం పెద్దది కాదు. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే మాత్రం ఆ యూనిట్‌కు లోపల చోటు ఉండదు. మోటారు పట్టు సడలి, ఘాట్ మలుపుల భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. అందుచేత కొండ మీద నింపుకునేవాడు తొంభై శాతం దగ్గర ఆపాలి. ఇప్పుడు రెండు పాఠాలనూ పోల్చి చూడండి. మూడు వందలు గుండుగుత్తగా కట్టినవాడు తొంభై దగ్గర ఎందుకు ఆపుతాడు? కట్టిన డబ్బు వదులుకోలేక చివరి శాతం దాకా లాగి, చల్లబడని బ్రేకులతో కొండ దిగుతాడు. యూనిట్‌కు ఇంతని కట్టేవాడు మిగతా పది శాతానికి డబ్బు పెట్టకుండానే ఆపుతాడు, ఆ ఖాళీని కొండే కొంత నింపుతుంది. జరిమానా బోర్డు రాసినవాడు తన బిల్లు ఒక్కటే చూసుకున్నాడు. మీటరు పెట్టినవాడు బిల్లుతో పాటు గోడలోని తీగనూ, పక్క గదివాడి వాటానూ, ఘాట్ దిగేవాడి బ్రేకులనూ కాపాడాడు. కనుక మీటరే సిద్ధాంతం.